గ్రామ గ్రంథాలయమునకు బొమ్మల పుస్తకములు

పంచాయతీ సభ్యులారా,

ప్రపంచములోని పుణ్యస్థలములను, వింత కట్టడములను మన గ్రామస్థులందరును వెళ్లి చూడజాలరు. వాని చిత్రములుగల పుస్తకములను గ్రామమునకు రప్పించుట మాత్రము మన చేతిలోని పని.

కంబోడియాలో 12వ శతాబ్దమున రెండవ సూర్యవర్మ విష్ణువునకై కట్టించిన ఆంగ్కోర్ వాట్, జావాలోని బోరోబుదూరు బౌద్ధస్తూపము, ఇంగ్లండులోని స్టోన్‌హెంజి రాతివలయము - వీనిని గూర్చి ఎంత చెప్పినను ఒక్క చిత్రమునకు సాటిరాదు. మన నాగార్జునకొండ లోయ నేడు జలాశయపు అడుగున నున్నది. 1954-60 నడుమ జరిగిన త్రవ్వకముల ఛాయాచిత్రములలోనే దాని పూర్వరూపము మన పిల్లలకు కానవచ్చును.

రహస్యముల పేర కల్పనలను అమ్ము పుస్తకములును గలవు. స్టోన్‌హెంజిని ఏల నిర్మించిరో నేటికిని నిశ్చయముగా తెలియదు. ఆ మాట దాచక చెప్పు పుస్తకమునే ఎన్నుకొందము.

ఇందులకు ధనమెక్కడిది? 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేయుచున్నాము. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము. మన ఖాతాలో నిలిచిపోయినచో గ్రంథాలయపు బీరువాలు ఖాళీగానే యుండును.

కావున పన్నును సకాలమున జమచేసి, కావలసిన పుస్తకముల పట్టికను సంస్థకు వ్రాసి పంపుదము. వచ్చిన పుస్తకములకు తాళము వేయక, పిల్లల చేతికి అందునట్లు బల్లపై నుంచుదము.