యువకుల చేతికి అందిన అమానతు



సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి మసలుకోవాలని ముందుగా నాకూ మీకూ హితవు చెప్పుకుంటున్నాను.

ఈ జుమా నాటి ప్రసంగం ముఖ్యంగా మన కళాశాల విద్యార్థుల కోసం. పెద్దలు కూడా శ్రద్ధగా వినాలి. చివరిమాట వారితోనే ఉంది.

1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, మన దేశంలో జాతీయ సేవా పథకం ఆరంభమైంది. అప్పుడు 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. నేడు మన పిల్లలెందరో ఆ పథకంలో ఉన్నారు. రెండేళ్లలో 240 గంటల సేవ చేస్తారు, ఏడు రోజుల శిబిరానికి వెళతారు. ధ్రువపత్రం కోసం చేరేవారూ ఉన్నారు, స్నేహితుడు చేరాడని చేరేవారూ ఉన్నారు. దాన్ని నేను తప్పు పట్టను. సంకల్పాన్ని సరిదిద్దుకోవడానికి పని మధ్యలో కూడా అవకాశం ఉంటుంది. అయితే వారిలో ఏ ఒకరిద్దరి మీదనో నాయకత్వ భారం పడుతుంది. పదిమందిని కూడగట్టడం, అనుమతులు తేవడం, డబ్బు పోగుచేయడం వారి పనవుతుంది. ఆ ఒకరిద్దరు నేర్చుకునేదేమిటి? వేదికపై మాట్లాడటమా? అది చిన్న విషయం. వారు నేర్చుకోవలసిన అసలు పాఠం మరొకటి ఉంది.

రక్తదాన శిబిరాన్నే తీసుకోండి. మన యువకులు ఎక్కువగా తలపెట్టే సేవ ఇదే. కొత్తగా బాధ్యత స్వీకరించిన విద్యార్థి మొదట కోరుకునేది సంఖ్య. ఒక్కరోజులో రెండువందల యూనిట్లు సేకరించాలి, బ్యానరు కట్టాలి, పత్రికలో ఫోటో రావాలి. కానీ రక్తం ధాన్యం వంటిది కాదు, గాదెలో పోసి ఉంచలేము. సాధారణంగా వాడే సంచిలో అది 35 రోజులు నిలుస్తుంది. అందులోంచి వేరుచేసిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవవు. ఒకసారి ఇచ్చిన పురుషుడు మళ్లీ ఇవ్వడానికి 90 రోజులు, స్త్రీ అయితే 120 రోజులు ఆగాలి. ఉన్న దాతలందరినీ ఒకే ఉదయం వరుసలో నిలబెడితే, మరుసటి నెలలో అర్ధరాత్రి ఒక బాలింతకు రక్తం అవసరమైనప్పుడు పిలవడానికి ఎవరూ మిగలరు. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆ తల్లిదండ్రులకు మన వార్షికోత్సవం తేదీతో పనిలేదు. (నిఖాకు ముందు ఆ వ్యాధికి సంబంధించిన రక్తపరీక్ష చేయించుకోండని ఇంటింటికీ చెప్పడం కూడా గొప్ప సేవే. దాని గురించి మరో జుమాలో వివరంగా చెప్పుకోవాలి.)

కనుక తెలివైన నాయకుడు మొదట రక్తనిధి కేంద్రానికి వెళ్లి, మీకు ఏది, ఎంత, ఎప్పుడు కావాలని అడుగుతాడు. అక్కడ, వేసవి సెలవుల్లో కళాశాలలు మూతపడితే కొరత వస్తుందని తెలుసుకుంటాడు. రమజాను పగటివేళల్లో ఇచ్చేవారు తగ్గుతారు గనుక తరావీహ్ తర్వాత రాత్రిపూట ఏర్పాటు చేయవచ్చని గ్రహిస్తాడు. ఆపై ఒక పుస్తకం తెరిచి దాత పేరు, రక్తవర్గం, చివరిసారి ఇచ్చిన తేదీ రాసుకుంటాడు. నెలకు పదిహేను మందిని వంతులవారీగా పంపుతాడు. దానికి బ్యానరు ఉండదు, ఫోటో ఉండదు. కొద్దిపాటిదైనా ఎడతెగకుండా సాగే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనం చిన్ననాటి నుండి వింటున్నాము. ఆ బోధ ఒక పుస్తకంలోని తేదీల రూపంలో అతనికి అర్థమవుతుంది. తన ఉత్సాహం కన్నా ఎదుటివారి అవసరం ముందు అన్నదే ఆ పాఠం. దీన్ని వినడం తేలిక. తాను కూర్చిన జనాన్ని తానే, ఈరోజు వద్దు, వచ్చే నెల రండి అని వెనక్కి పంపడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది.

మరొక సంగతి. బరువు 45 కిలోలకు తగ్గినా, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గినా దాతను తిప్పి పంపుతారు. అలా తిరిగి వచ్చేవారిలో మన ఆడపిల్లలు ఎక్కువగా ఉంటారు. ఆ మాట నలుగురిలో బిగ్గరగా చెప్పరాదు. ప్రక్కకు పిలిచి, అమ్మా, నీకే ఇప్పుడు బలం కావాలి అని నెమ్మదిగా చెప్పే నేర్పు, ఆమెకే వైద్య సలహా ఇప్పించే దయ ఆ పనిలోనే అలవడతాయి. ఇఫ్తార్ కిట్లు పంచినా ఇంతే. తీసుకునే చేతిని ఫోటోలో చూపకుండా ఇవ్వగలిగితేనే అది ఇచ్చినట్లు.

ఇక డబ్బు. వసూలైన ప్రతి రూపాయికీ రసీదు, ఖర్చైన ప్రతి రూపాయికీ కాగితం ఉండాలి. లెక్క ఒక్కరి వద్ద కాక ఇద్దరి వద్ద ఉండాలి. స్నేహితులేగా అని మొహమాటపడిన చోటే స్నేహం చెడుతుంది. అది అమానతు. ప్రళయదినాన అడిగేవాడు మన మొహమాటాన్ని చూడడు.

పెద్దలారా! ఇప్పుడు మీతో.

దైవప్రవక్త (స) తమ చివరి రోజుల్లో సిరియా సరిహద్దుకు పంపదలచిన సైన్యానికి హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)ను నాయకునిగా నియమించారు. ఆయన వయసు అప్పటికి ఇరవైకి అటూఇటుగా ఉంటుంది. అనుభవజ్ఞులైన ముహాజిరులు, అన్సారులు ఆయన క్రింద నడవాలి. కొందరు గొణిగారు. దైవప్రవక్త (స) జబ్బుతో ఉండి కూడా తలకు కట్టు కట్టుకుని బయటికి వచ్చి ఆ నియామకాన్ని సమర్థించారు. ఆ తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయినప్పుడు నాయకుణ్ణి మార్చమని మళ్లీ ఒత్తిడి వచ్చింది. ఆయన ససేమిరా అన్నారు. సైన్యాన్ని సాగనంపుతూ ఉసామా గుర్రంపై ఉండగా తాను కాలినడకన వెంట నడిచారు. అంతే కాదు, హజ్రత్ ఉమర్ (రజి) మదీనాలో తనకు అవసరమైతే, ఆయన్ను వదలిపెట్టవలసిందిగా ఉసామానే అనుమతి కోరారు! ఖలీఫా ఆజ్ఞాపించగలరు. అయినా అడిగారు. ఎందుకంటే అప్పగించిన అధికారం నిజంగా అప్పగించినదే.

మన మస్జిదుల్లో ఏం జరుగుతున్నది? చాపలు పరచడానికి యువకులు కావాలి, కుర్చీలు మోయడానికి యువకులు కావాలి. నిర్ణయం దగ్గరకు వచ్చేసరికి, మీకేం తెలుసు బాబూ అంటాము. అలా అనిపించుకున్న పిల్లవాడు రెండుసార్లు వస్తాడు, మూడవసారి రాడు. వాడు చెడిపోయాడని మనం వాపోతాము.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. ఈ నమాజు తరువాత మీ మొహల్లాలోని విద్యార్థులతో పావుగంట కూర్చోండి. దాతల పట్టిక తయారు చేసే పనిని వారికి అప్పగించండి. కొంత డబ్బు, ఆ డబ్బుకు లెక్కల పుస్తకం, నిర్ణయించే హక్కు మూడూ కలిపి ఇవ్వండి. నెలకొకసారి లెక్క అడగండి. పని మధ్యలో చేయి పెట్టకండి. కుమార్తెల చదువుల వల్ల మన ఇళ్లలో ఇప్పుడు సమర్థులైన విద్యార్థినులు ఎందరో ఉన్నారు. స్త్రీల పట్టికను వారికే వదిలేయండి.

ఈ మాటలు చెప్పి, నా కొరకూ మీ కొరకూ ముస్లిములందరి కొరకూ అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను. మీరు కూడా వేడుకోండి.