గారడి సామగ్రి చేయువారు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



ఇంద్రజాలికుని పేరు లోకమునకు తెలియును. పి. సి. సర్కార్ (1913–1971) పేరు వినని పెద్దలు మనలో అరుదు. కాని ఇంద్రజాలికుని పెట్టెను చేసిన వడ్రంగి ఎవరని మనము అడుగము. ఫ్రాన్సు దేశీయుడగు రాబర్ట్ హూదా (1805–1871) స్వయముగా గడియారముల పనివాడగుటచే తన యంత్రములను తానే చేసికొని రంగమెక్కెను. అందరికిని ఆ రెండు విద్యలును అబ్బవు. కావున నేడు ఆ తెర వెనుకనున్న పనివాని పక్షమున నాలుగు మాటలు మనవి చేయుదును.

గత ఉగాదికి మన పిల్లల వినోదమునకై ఒక మిత్రుడు గారడి చేయుటకు సమ్మతించెను. సామగ్రి సమకూర్చు భారము నాపై పడెను. ఆటవస్తువుల అంగడిలో, రంగుల అట్టపెట్టెలో నున్న సరంజామా కొంటిని. అందు ఒక లోటా కలదు. నీరంతయు ఒలికించిన పిదప క్షణములో మరల ఒలికించినచో మరల నీరు వచ్చుట దాని చమత్కారము. పాశ్చాత్యులు దీనిని ‘భారత జలము’ అను పేర ప్రదర్శింతురు. మా లోటా తొలి అభ్యాసమునందే అతుకు విడి కారిపోయెను. అదే సభలో జరిగియున్నచో మిత్రుని గతి యేమి?

పూర్వము ఢిల్లీలో షాదీపూర్ వద్ద కఠ్‌పుత్లీ కాలనీలో ఇంద్రజాలికుల కుటుంబములు ఒక్కచోటనే యుండెడివి. 2017లో ఆ బస్తీని కూల్చిన పిదప చాలమంది ఆనంద్ పర్బత్ శిబిరమునకును, కొందరు నరేలాకును తరలిరి. శిబిరమునందలి ఒక వృద్ధ గారడీవాడు నాకు దారి చూపెను: “బాబూజీ, అమ్మువానిని వెదకవలదు, బాగుచేయువానిని వెదకుడు.”

ఆ మాట పట్టుకొని పాత ఢిల్లీ సందులలో రేకుపని చేయు ఒక ముసలివానిని చేరితిని. ఆయన ధర చెప్పలేదు; ప్రశ్నలు వేసెను. చూచువారు ఎదుట మాత్రమే కూర్చుందురా, ప్రక్కలను కూడనా? దీపము ఏ వైపున? పాత్రను పట్టువారి చేయి ఎంత? మరునాడు మిత్రుని తోడ్కొనిపోగా, దారముతో ఆతని అరచేతిని కొలిచెను. ఎందులకో నేను చెప్పను.

మనము నిబంధనలతో బ్రతుకువారము గదా! “మీరు కల్పించిన వానికి పేటెంటు పొందరాదా?” అని అడిగితిని. ఆయన నవ్వెను. తాను కల్పించిన ఒక పెట్టెను ఎవడో కొని, విప్పి చూచి, పలుచని రేకుతో వందలుగా చేయించి అమ్మెనట. “చట్టము వద్దకు పోయినచో మొదట గుట్టు చెప్పుమందురు” అనెను. ఆ మాట నిజమే. 1970 నాటి పేటెంట్ల చట్టము ఇప్పుడు 20 సంవత్సరముల రక్షణ నిచ్చుచున్నది. కాని నిర్మాణ విధానమును వ్రాసి దాఖలు చేయవలెను, అది ప్రకటింపబడును. ప్రకటించినచో గారడి చచ్చును. దాచినచో పేటెంటు రాదు. ఇక ఆ పనివానికి మిగిలిన రక్షణ మన మౌనమే.

ఉగాదినాడు ఆయనను పిలిచితిమి. వచ్చి చివరి వరుసలో కూర్చుండెను. పిల్లలందరు మా మిత్రుని ముఖమును చూచుచుండగా ఆయన లోటా అడుగును మాత్రమే చూచుచుండెను. ఒక్క చుక్కయు కారలేదు. చప్పట్లు మిత్రునికి దక్కెను. ఆయన తన సంచి తీసికొని బస్సు వేళకు వెడలిపోయెను.

నా మనవి రెండే. వినోదమునకై సామగ్రి కావలసినప్పుడు చేసినవాని యొద్దనే కొనుడు. ఆయన అడిగిన వెలలో గుట్టు వెల కూడ కలదని యెంచి బేరమాడకుడు. ఆ గుట్టు మీకు తెలిసినను, మీ పిల్లలు ఎంత వేడినను చెప్పకుడు. అది ఒకరి యింటి అన్నము.