జమేదారు ఎవరు?

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ప్రేమ్ బజార్‌లో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

తెలుగు గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం మనది కాని ఒక మాట గురించి చెబుతాను. దానివల్ల ఈ ఊళ్ళోనే నేనొక పొరపాటు చేశాను.

కుటుంబ పెన్షను పని మీద తొంభై దాటిన ఒక తెలుగు అవ్వ మనవడితో వచ్చింది. భర్త పాత కాగితంలో హోదా 'జమేదార్' అని ఉంది. ఖరగ్‌పూర్‌లో జమాదార్ అంటే ఎవరో మీకు తెలుసు. "రైల్వేలోనా, మునిసిపాలిటీలోనా?" అని అడిగేశాను. మనవడు తల దించుకున్నాడు. అవ్వ మాత్రం, "పల్టన్లో జమేదారు బాబూ! చీపురు పట్టలేదు" అంది. పక్కనే మా స్వీపర్ తుడుస్తోంది. ఆవిడా తెలుగామే. ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది.

ఒక్క ప్రశ్నతో ఇద్దరిని నొప్పించాను.

అరబ్బీలో 'జమాఅత్' అంటే గుంపు. పారసీ 'దార్' అంటే కలిగినవాడు. తాసీల్దారు, చౌకీదారులో ఉన్నదీ అదే. గుంపును నడిపేవాడు జమేదారు. మనం రోజూ రాసే 'జమ'దీ అదే ధాతువు, పోగు చేయడమని. అంటే జమాఖర్చులు రాసే మనం ఆ మాటకు దగ్గర చుట్టాలమే!

బ్రిటిషు సైన్యంలో జమేదారు అంటే సుబేదారు కింది భారతీయ అధికారి. మంగళ్ పాండేను పట్టుకోమంటే వినలేదని బారక్‌పూర్‌లో 1857 ఏప్రిల్ 21న ఉరితీసిన ఈశ్వరీ ప్రసాద్ జమేదారే. స్వాతంత్ర్యం వచ్చాక, 1965లో, మన సైన్యం ఆ పేరు తీసేసి 'నాయబ్ సుబేదార్' అని పెట్టింది. నాయబ్ అంటే బదులు పనిచేసేవాడు. నవాబు కూడా ఆ మాట నుంచే పుట్టాడు, ఎవరికీ బదులు పనిచేసినట్టు కనిపించకపోయినా!

సైన్యం వదిలిన మాట ఊళ్ళో మిగిలింది. తెలుగునాట కచేరీల్లో బంట్రోతుల పెద్ద జమేదారు. హిందీ, బెంగాలీల్లో ఊడ్చేవారిని అలా పిలుస్తారు. మొదట మర్యాదకు అన్నారో, వెటకారానికో.

మర్నాడు ఇదంతా మా స్వీపరుకు చెప్పాను. శ్రద్ధగా వింది. "అవ్వగారి ఆయన అంత పెద్దోరా!" అంది. కాసేపాగి, "ఈ ఆఫీసులో ఆరేళ్ళుగా ఊడుస్తున్నాను బాబూ. నా పేరేంటో తెలుసా మీకు?" అంది.

తెలియదు. ఆ రోజు అడిగి తెలుసుకున్నాను.