ఆవిరి క్రేనులు – వానిని నడిపిన చేతులు



ఏతము నేడు కనబడదు; కాని దానిని తొక్కిన పెద్దలు ఈ సభలో ఒకరిద్దరైనను ఉండకపోరు. నిలువు కంబముపై అడ్డముగా ఒక మాను. ఏతగాడు దానిపై బావివైపునకు నడచిన బాన నీటిలో మునుగును. వెనుకకు నడచిన నీటితో పైకి లేచును. బరువెంత యన్నది మాత్రమే కాదు, ఆ బరువు ఇరుసునకు ఎంత దూరమున నున్నదన్నదియు ముఖ్యమేనని ఆ నాలుగడుగుల నడక చెప్పుచుండెడిది. క్రేను అను మహాయంత్రమునకు మూలసూత్రము ఇదియే. ఆంగ్లభాషలో క్రేను అనగా కొంగవంటి పొడవుమెడ పక్షి. పేరు పెట్టినవాడు దాని మెడను చూచెను. నడిపినవారు మాత్రము మెడకంటె ముందుగా పాదములనే చూచెడివారు.

విజయవాడ, కాజీపేట, గుంతకల్లు వంటి రైల్వే కూడళ్లలో ఆ నడిపినవారు కొందరు పదవీ విరమణానంతరము స్థిరపడిరి. ఖలాసీలు, ఫిట్టర్లు, క్రేను డ్రైవర్లు – మిగిలినవారు ఇప్పుడు బహువృద్ధులు. అట్టివారు నలుగురు అరుగుమీద చేరినచో సంభాషణ పింఛనుతో ఆరంభమై, మోకాళ్ల నొప్పులమీదుగా సాగి, తుదకు ఆవిరి క్రేనునొద్దకు చేరక మానదు.

ఆ క్రేనులలో పెక్కు ఇంగ్లండునుండి ఓడలలో వచ్చినవి. కార్లైలు ప్రాంతమున 1846లో నెలకొన్న కోవన్స్ షెల్డన్ కంపెనీ పేరు ఆ వృద్ధుల నోట ఇంటిపేరువలె పలుకును. ఇప్స్విచ్ పట్టణమున రాన్సమ్స్ అండ్ రేపియర్ అను మరియొక కంపెనీ యుండెను. అందలి ఇంజనీరు విల్ఫ్రెడ్ స్టోక్స్ ఒక చక్కని ఉపాయము కనిపెట్టెను. అంత బరువైన యంత్రము వంతెనమీద పోవునపుడు దాని భారమంతయు కొలది చక్రములపైననే పడినచో వంతెనకు ముప్పు. అందుచేత ప్రయాణములో ముందు వెనుకల అదనపు బండ్లు తగిలించి వానికిని కొంత భారము పంచి, పనిచోట వానిని విడదీయు ఏర్పాటు చేసెను. మొదటి ప్రపంచయుద్ధములో పేరుమ్రోగిన స్టోక్స్ మోర్టారు కూడ ఈయన సృష్టియే. కూలినవానిని లేపు యంత్రమును చక్కజేసిన బుద్ధియే కూల్చు యంత్రమును చేయుట విచిత్రము.

పట్టాలు తప్పిన బండిని ఎత్తవలసివచ్చినపుడు ఆపద కూత వినబడును. నడిరేయియైనను, పండుగనాడైనను లేచి పరుగెత్తవలసినదే. చల్లారిన బాయిలరులో ఆవిరి పుట్టుటకు గంటలు పట్టును. కనుక దారిలోనే నిప్పు రాజేసి, చేరునప్పటికి ఆవిరి సిద్ధపరచుకొనెడివారు. చేరినపిమ్మట మొదటి పని ఎత్తుట కాదు. క్రేను ప్రక్కలనుండి ఇనుప దూలములు వెలికి లాగి, వాని క్రింద కొయ్య స్లీపర్లను పేర్చవలెను. ప్యాకింగు అందురు. క్రేను పాదములు ఇవియే. మట్టి మెత్తనిదైనచో రెండింతలు పేర్చవలెను. వెనుక వందలకొలది ప్రయాణికులు నిలిచిపోయి యుందురు. గడియారము చేతబట్టి అధికారి తొందరపెట్టుచుండును. అట్టివేళ ఇంకొక వరుస స్లీపర్లు వేయవలెనని పట్టుబట్టుటకు డ్రైవరునకు గుండెధైర్యము కావలెను. ఆనాటి తమ సామర్థ్యమునకు ఇదియే గుర్తని వృద్ధులు నేటికిని చెప్పుకొందురు.

35 టన్నుల క్రేను ఎల్లెడల 35 టన్నులు ఎత్తునని అనుకొనరాదు. చేయి నిటారుగా, బరువు చేరువగా నున్నపుడే ఆ శక్తి. దూరము రెట్టింపైనచో శక్తి సగముకంటెను తగ్గును. ఏలయన చేయికిగల సొంత బరువును ముందుకు వంగును. పట్టిక డ్రైవరు గదిలో నుండెడిది. కాని బురదలో కూరుకొనిన వ్యాగను బరువు ఏ పట్టికలో నుండును? బురద పట్టి లాగుచుండును. వానకు తడిసిన సరకు తేలికగా నుండదు. అందుచేత జానెడుమాత్రము ఎత్తి నిలిపి, ఉక్కుమోకును, ప్యాకింగును, కొక్కెమును పరిశీలించి, అటుపిమ్మటనే పైకెత్తెడివారు. మోకు బిగియునపుడు పుట్టు ధ్వనిలో తేడాను, స్లీపరు నలిగిన చప్పుడును చెవితోనే పసిగట్టెడివారు.

సంజ్ఞలకు ఒకే మేస్త్రీ. చూపుడు వ్రేలు పైకెత్తి చేతిని త్రిప్పిన ఎత్తుము అని అర్థము. క్రిందికి చూపి త్రిప్పిన దింపుము. ఇతరుల సంజ్ఞను డ్రైవరు లెక్కింపడు. ఆపుము అను సంజ్ఞ ఒక్కటే ఇందుకు మినహాయింపు. దానిని నిన్న చేరిన ఖలాసీ చూపినను యంత్రము ఆగవలసినదే.

ఎత్తిన బరువు క్రిందికి ఎవ్వడును పోరాదన్నది మరియొక నియమము. పెట్టెక్రింద ఒక ప్రాణి మూలుగుచున్నపుడు ఆ నియమము ఎంత కఠినమో పాటించినవారికే తెలియును. అంగుళమంగుళము ఎత్తుచు, ఎత్తినంత మేర దిమ్మెలు త్రోసి ఆధారమిచ్చుచు, మోకు తెగినను పెట్టె క్రుంగకుండునట్లు చేసికొని, ఆపిమ్మటనే చేయి చాచెడివారు. ఈ ఘట్టమునకు వచ్చుసరికి అరుగుమీది మాటలు మందగించును. తీసిన వారినిగూర్చి చెప్పుదురు, తీయలేకపోయినవారినిగూర్చి చెప్పరు.

వృద్ధుల ప్రశంసలనన్నిటిని యథాతథముగ నమ్మవలసిన పనిలేదు. రోహిణి కార్తెలో ఆ బాయిలరు ప్రక్కన నిలుచుట ఎట్టి శిక్షయో వారే మరియొకనాడు చెప్పుదురు. 1980ల తరువాత 140 టన్నుల డీజిలు క్రేనులు వచ్చినపుడు బొగ్గుపొడి వదలినదని సంతసించినవారును వారే. బరువు మితి మీరినచో గంట మ్రోగించు సాధనములు ఎన్నియో ప్రాణములను కాపాడినవి. రోడ్డుమీద రబ్బరు చక్రములపై పోవు కోల్స్ క్రేనులకును ఇట్టి అభిమానులు కలరు. హెన్రీ కోల్స్ 1879లో లండనులో ఆరంభించిన ఆ సంస్థ 1939లో సండర్లాండునకు తరలినది. రెండవ ప్రపంచయుద్ధమున కూలిన విమానములను ఎత్తినది ఆ క్రేనులే. కలకత్తాలోను ఆ పేరుతో క్రేనులు తయారైనవి. సండర్లాండు కర్మాగారము 1998లో మూతపడెను.

క్రేను ప్రక్కన ఇత్తడి పలకపై తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరము ఉండును. నడిపినవాని పేరు వ్రాయు చోటు అందు లేదు. పాత ఆవిరి క్రేనులు కొన్ని రంగులు పూయబడి రైల్వే ఆవరణలలో అలంకారముగా నిలిచియున్నవి. పిల్లలు వానినెక్కి ఆడుకొందురు. ఆ దారిని పోవు వృద్ధ ఖలాసీ చూపు మాత్రము రంగుమీద నిలువదు. ముందుగా మోకుమీదికి పోవును, గ్రీజు ఉన్నదా లేదా యని.