కాగితం పువ్వుకి పేరు పెట్టాలంటే?

మాది మంగంపేట, ముగ్గురాయి గనుల ఊరు. నీళ్లు తక్కువైనా ఇక్కడ విరగబూసేది కాగితం పూల చెట్టు, అదే బోగన్‌విల్లా.

ఒక్కోసారి రాణీ కలర్ చెట్టుకి ఒక్క కొమ్మ మాత్రం వేరే రంగు పూస్తుంది. 'తిమ్మ' అనే రకం కూడా 'మేరీ పామర్' చెట్టు కొమ్మ మారి వచ్చిందే. మీకూ అలాంటిది కనబడితే వెంటనే మీ పాప పేరు పెట్టేయకండి. ముందు ఆ కొమ్మలు నాటి చూడండి. వాటిల్లోనూ అదే రంగు నిలబడితేనే అది కొత్త రకం.

ప్రపంచంలో ఎక్కడి బోగన్‌విల్లా పేరైనా నమోదు చేసేది ఢిల్లీలోని పూసా సంస్థే. ఇదివరకే ఉన్న పేరు మళ్లీ పెట్టకూడదు. లేకపోతే పూల ప్రదర్శనలో ఏది ఏ రకమో జడ్జీలకే తెలీదు.

అయితే పేరు నమోదైతే హక్కు వచ్చినట్టు కాదు. హక్కు కావాలంటే 2001 చట్టం కింద వేరే దరఖాస్తు పెట్టాలి. మీరే మొక్కలు అమ్మడం మొదలుపెట్టి ఏడాది దాటిందా, ఇక దాన్ని కొత్త రకంగా తీసుకోరు. నర్సరీవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే, ముందు దరఖాస్తు, తర్వాతే అమ్మకం!