సుఖము వెంట పరుగు



సుఖమే జీవిత పరమార్థమని క్రీ.పూ. 306 ప్రాంతంలో ఏథెన్సు పట్టణంలో బోధించిన తత్వవేత్త ఎపిక్యూరస్. ఆయన పేరు వినగానే చాలామందికి విందులు, విలాసాలు గుర్తుకొస్తాయి. కాని ఆయన రొట్టెతో, నీళ్లతో తృప్తిపడ్డాడు. ఒక కుండెడు చీజ్ పంపితే అదే తనకు విందు అని స్నేహితునికి వ్రాశాడు. కోరికలకు హద్దు లేకపోతే సుఖము నిలువదని ఆయనకు తెలుసు.

ప్రసంగి 2వ అధ్యాయం చదవండి. ఇండ్లు, ద్రాక్షతోటలు, గాయకులు, వెండి బంగారములు అన్నీ అనుభవించిన రాజు కూడా చివరికి అది వ్యర్థమనే ఒప్పుకొన్నాడు.

అయితే మరణంతో మనిషి కథ ముగిసినట్లేనని ఎపిక్యూరస్ నమ్మాడు. సుమారు 350 సంవత్సరాల తరువాత అదే ఏథెన్సులో ఆయన అనుచరులైన ఎపికూరీయులు పౌలుతో వాదించారు (అపొ. కా. 17:18). అక్కడ పౌలు యేసును, పునరుత్థానమును ప్రకటించాడు.

ప్రియ సహోదరీ, సహోదరుడా, క్రొత్త ఫోను, క్రొత్త బండి తెచ్చిన సంతోషం నీలో ఎన్నాళ్లు నిలిచింది? మరణం సహితం తీసివేయలేని సంతోషం నీకున్నదా? ఈ రాత్రి పడుకొనే ముందు నిన్ను నీవే ప్రశ్నించుకో. ఆ సంతోషం క్రీస్తునందున్నది.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.