నీటి వంతు, వేలి వంతు

(రుస్తాఖ్‌లో తెలుగు కుటుంబాల శుక్రవారం సభలో చేసిన ఉపన్యాసం)

భోజనాలయ్యాక ఉపన్యాసం పెట్టడం నిర్వాహకుల ధైర్యం. కూర్చుని వినడం మీ ధైర్యం. నాకిచ్చిన అంశం పేరు "వెబ్ కోసం ఇంటరాక్టివ్ మల్టీమీడియా అప్లికేషన్ల ప్రోగ్రామింగ్‌లో పీజీ కోర్సు". ఆహ్వానపత్రం వేయించిన తమ్ముడు ఫోన్ చేసి, "మాస్టారూ, పేరు ఒక వరుసలో పట్టట్లేదండీ" అన్నాడు. రెండు వరుసల్లో వెయ్యమన్నాను. ఈ చదువుకి అసలు చిక్కు అదే. ఇది ఏ ఒక్క వరుసలోనూ పట్టదు. కంప్యూటర్ సైన్సు వాళ్లు బొమ్మల పని అంటారు, బొమ్మల వాళ్లు కోడ్ పని అంటారు.

ముందు తేలిక మాటల్లో చెప్తాను. తెర మీద బొమ్మ, మాట, పాట, వీడియో ఉంటాయి. మీరు వేలితో తాకితే అది బదులిస్తుంది. సినిమా అయితే మీరు చూసినా చూడకపోయినా నడిచిపోతుంది. ఇది మీరు తాకేదాకా ఆగుతుంది. ఆ ఆగడం నేర్పే చదువు ఇది. నేను ఇరవై ఏళ్లుగా నేర్పుతున్నాను కాబట్టి ఈ నిర్వచనం నాది, తప్పయితే నన్నే తిట్టండి.

మస్కట్ నుంచి నిన్న సాయంత్రమే వచ్చేశాను. కోట చూడ్డానికి అనుకుంటున్నారేమో. కోట గొప్పదే. 1624లో నాసిర్ బిన్ ముర్షిద్‌ను ఇమామ్‌గా ఎన్నుకున్నది ఈ ఊళ్లోనే. ఇప్పటి సుల్తానుల వంశానికి మూలపురుషుడైన అహ్మద్ బిన్ సయీద్ సమాధి కూడా ఇక్కడే ఉంది. కాని నేను వచ్చింది కాలువ కోసం. ఫలజ్ అల్ ముయస్సర్. 2006లో యునెస్కో ఒమాన్‌లోని అయిదు ఫలజ్‌లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ అయిదింటిలో రుస్తాఖ్‌ది ఇదే. భూమి లోపలి నీటిని, పంపు లేకుండా, వాలు ఒక్కటే ఆధారంగా ఊళ్లోకి తెస్తారు. ముందు తాగేవాళ్లకి, తర్వాత మసీదుకి, స్నానాలకి, చివర ఖర్జూరపు తోటలకి. ఇలాంటివి ఈ దేశంలో మూడు వేల దాకా ఇంకా నడుస్తున్నాయి.

ఇంజినీరింగ్ సంగతి అటుంచండి. నన్ను పట్టుకున్నది పంపకం. నీళ్లను ఇక్కడ బిందెల లెక్కన పంచరు, కాలం లెక్కన పంచుతారు. ఒక అథర్ అంటే సుమారు అరగంట. ఫలానా తోటకి ఇన్ని అథర్లు అని హక్కు. పగలు నేలలో పాతిన కర్ర నీడని బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి వంతు మారేది. ఇప్పుడు చాలాచోట్ల చేతి గడియారం వచ్చింది. లెక్క చూసే పెద్దని వకీల్ అంటారు, కింద తిరిగి మళ్లించేవాడు అరీఫ్. మాది వరంగల్ పక్క పల్లె. మాకు చెరువు కింద ఈ పని నీరటి చేసేవాడు. రాయలసీమ వాళ్లు నీరుగంటి అంటారు. పార పట్టుకుని గట్టు మీద తిరిగే ఆ మనిషిని ఊళ్లో మోతుబరులు కూడా కాస్త బతిమాలుకునేవాళ్లు. ఎందుకంటే వంతు అతని చేతిలో ఉంది.

బ్రౌజర్‌లో కూడా ఒక నీరటి ఉంటాడు. పేరు ఈవెంట్ లూప్. వెబ్ పేజీని ఆడించే భాష జావాస్క్రిప్ట్. దానికి ప్రధానంగా ఉన్నది ఒకటే కాలువ. మీరు బటన్ నొక్కారు, అదొక పని. బొమ్మ కదలాలి, అదొక పని. సర్వర్ నుంచి ఫొటో వచ్చింది, అదింకో పని. అన్నీ వరసలో నిలబడతాయి. నీరటి ఒక్కొక్కరికే వదులుతాడు. తెర సెకనుకి 60 సార్లు మారాలంటే ఒక్కో వంతుకి దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఒకడు వచ్చి రెండు సెకన్లు కాలువకి అడ్డం కూర్చున్నాడనుకోండి, మిగతా పొలాలన్నీ ఎండుతాయి. మీరు బటన్ నొక్కుతూనే ఉంటారు, తెర రాయిలా ఉంటుంది. "హ్యాంగ్ అయింది" అంటాం. నిజానికి ఎక్కడో ఎవడో వంతు వదలలేదు.

పోలికని ఇంతకంటే లాగను. ఫలజ్‌లో వంతు ముందే రాసిపెట్టి ఉంటుంది, బ్రౌజర్‌లో వచ్చినవాడిని బట్టి వరస. కాని నేను ఈ పాఠం చెప్పే ప్రతిసారీ నా క్లాసులోని ఒమానీ పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. ఒకమ్మాయి, వాళ్ల తాతగారికి తోట ఉంది, క్లాసులో లేచి, "అయితే పెద్ద పనిని చిన్న చిన్న అథర్లుగా కొయ్యాలన్నమాట" అంది. పాఠ్యపుస్తకం నాలుగు పేజీల్లో చెప్పేది అదే. కొయ్యలేనంత పెద్ద పని అయితే పక్కన వేరే బోరు వేసుకోవాలి. దాన్ని వెబ్ వర్కర్ అంటారు.

ఇప్పుడు నా కథ చెప్పాలి. అందులో నా పరువు కొంచెం పోతుంది.

2004లో నేను మల్టీమీడియాలో పీజీ డిప్లొమా చేశాను. ఎక్కడో చెప్పను, ఆ సంస్థ తలుపులు ఎప్పుడో మూసేశారు. కోర్సు మొత్తం ఫ్లాష్. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అనే పేరుతో పుట్టి, మాక్రోమీడియా చేతికి వచ్చి, 2005లో ఆ కంపెనీతో పాటు అడోబీకి చేరిన ఫ్లాష్. అప్పట్లో వెబ్ మీద కదిలే బొమ్మ అంటే అదే. నా ఫైనల్ ప్రాజెక్టు తెలుగు అక్షరమాల. 'అ' మీద నొక్కితే అమ్మ వస్తుంది, 'ఈ' మీద నొక్కితే ఈగ వచ్చి తెరంతా తిరుగుతుంది. మా అమ్మ గొంతుతో మాటలు రికార్డు చేశాను. సీడీలో పెట్టి, మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి, బంధువులందరికీ పంచాను.

2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌లోకి ఫ్లాష్‌ని ఎందుకు రానివ్వడో బహిరంగంగా రాశాడు. ఫ్లాష్ లేకుండానే బ్రౌజర్‌లో బొమ్మలూ వీడియోలూ ఆడించే హెచ్‌టీఎంఎల్5, 2014 అక్టోబరులో ప్రమాణంగా ఖరారైంది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కి మద్దతు ఆగింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఆడించడం మానేసింది. మా అమ్మ అప్పటికే లేదు. సీడీ ఉంది, గొంతు అందులో ఉంది, తెరిచే తాళం లేదు.

తప్పు ఫ్లాష్‌ది అనను. మూడేళ్ల ముందే చెప్పి మరీ వెళ్లింది. తప్పు మా కోర్సుది, నాది. మాకు మెనూలు నేర్పారు, మేం మెనూలు నేర్చుకున్నాం. టైమ్‌లైన్ ఎక్కడుందో తెలుసు, కాలం అంటే ఏమిటో తెలియదు. నాతో చదివినవాళ్లలో సగం మంది సాధనంతో పాటే ఆ వృత్తి వదిలేశారు. మిగిలినవాళ్లం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాం. అందుకే ఇవాళ ఎవరైనా కోర్సు కరపత్రం తెచ్చి, అందులో పది సాఫ్ట్‌వేర్ల బొమ్మలు చూపిస్తే నాకు భయం వేస్తుంది. అందులో ఎన్ని పదేళ్లు ఉంటాయి?

మరి మంచి కోర్సు ఎక్కడుంది? న్యూయార్క్ యూనివర్సిటీలో ఐటీపీ అనే పీజీ కోర్సు 1979 నుంచి ఉంది. వెబ్ పుట్టకముందే పుట్టింది. కాబట్టి ఏ ఒక్క సాధనానికీ కట్టుబడకుండా ఉండగలిగింది. 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి కేసీ రియాస్, బెన్ ఫ్రై తెచ్చిన ప్రాసెసింగ్ భాష, ఆ దారిలోనే లారెన్ మెకార్తీ మొదలుపెట్టిన పీ5 జేఎస్, రెండూ ఉచితం. ఈ చదువుకి పలకా బలపం లాంటివి. మన దగ్గర చూస్తే కోడ్ ఒక ఒడ్డున, రూపం ఇంకో ఒడ్డున. ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల పీజీ డిప్లొమా ఇన్ అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్‌లో వెబ్ ప్రోగ్రామింగ్ ఉంది, గట్టి కోర్సే. కాని అందులో కుంచె లేదు. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది, ఎం.డెస్. ఇస్తారు. ఫైన్ ఆర్ట్స్‌కి హైదరాబాద్‌లోనే జేఎన్ఏఎఫ్ఏయూ విశ్వవిద్యాలయం ఉంది. మధ్యలో వంతెన కావాలి. ఆ వంతెన పేరే ఇందాక రెండు వరుసలు పట్టిన పేరు.

నా క్లాసులో మొదటి అసైన్‌మెంట్ తోలుబొమ్మ. నిమ్మలకుంట తోలుబొమ్మలు మీలో కొందరికి తెలుసు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ చెయ్యి భుజం దగ్గర, మోచేతి దగ్గర దారంతో కట్టి ఉంటుంది. కట్టు ఎక్కడుంటే అక్కడి నుంచే తిరుగుతుంది. ఇదే చేతిని వెబ్ పేజీలో ఒక బొమ్మగా పెట్టి 'తిరుగు' అంటే అది తన నడుమ నుంచి ఫ్యాన్ రెక్కలా గిర్రున తిరుగుతుంది, ఎందుకంటే కట్టు ఎక్కడో మనం చెప్పలేదు. వెబ్ పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌లో ఆ కట్టు పేరు ట్రాన్స్‌ఫామ్ ఆరిజిన్. ఫ్యాన్ చెయ్యి చూసి క్లాసంతా నవ్వుతుంది. నవ్విన పాఠం మర్చిపోరు.

రెండోది అక్షరం. ఇది తెలుగువాళ్లం మనం పట్టించుకోక తప్పని పాఠం కాబట్టి కాసేపు ఆగుతాను. తెర మీద మాటలు టైపు కొడుతున్నట్టు ఒక్కో అక్షరం పడే ఎఫెక్ట్ చూశారు కదా. ఇంగ్లీషుకి రెండు లైన్ల కోడ్. అదే కోడ్‌కి "స్త్రీ" అని ఇవ్వండి. మనకి అది ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్‌ని పొడవెంత అని అడిగితే ఆరు అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన గుడి దీర్ఘం. కాబట్టి తెర మీద ముందు 'స' పడుతుంది, తర్వాత 'స్', తర్వాత 'స్త', అలా ఆరు వేషాలు మారి చివరికి స్త్రీ అవుతుంది. అరబ్బీకి ఇంకో రకం అవస్థ. ఒక్కో అక్షరాన్నీ విడిగా కత్తిరించి పరిచేస్తే కలిసి ఉండాల్సిన అక్షరాలు చేతులు వదిలేస్తాయి. మా ఒమానీ పిల్లలూ నేనూ ఈ విషయంలో ఒకే పడవలో ఉన్నాం. మన సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకే అక్షరంగా లెక్కించే నియమం, కంప్యూటర్లలో అన్ని లిపులకీ ప్రమాణమైన యూనికోడ్ 15.1లో, అంటే 2023లో వచ్చింది. నిన్నగాక మొన్న.

2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం ప్రపంచంలోని ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసింది. మనం రోజూ రాసే జ్ఞా కాదు, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరిన జ్ఞా. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. నేను ఆ రోజుల్లో చాలా గర్వపడ్డాను. ఎందుకు గర్వపడ్డానో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

ఇప్పుడు కోడ్ యంత్రమే రాసిపెడుతోంది కదా, ఈ చదువెందుకు అని నిర్వాహకుల్లో ఒకరు పొద్దున అడిగారు. రాసిపెడుతుంది. టైపు ఎఫెక్ట్ అడిగితే చిటికెలో ఇస్తుంది. 'స్త్రీ' ఆరు ముక్కలవడం చూసి ఇది తప్పని తెలిసే కన్ను ఎవరిది?

శబ్దం గురించి ఒక్క మాట. పేజీ తెరవగానే పాట మోగేది ఒకప్పుడు, ఆఫీసులో ఉలిక్కిపడేవాళ్లం. 2018 ఏప్రిల్‌లో క్రోమ్ దానికి అడ్డుకట్ట వేసింది. చూసేవాడు ముందు తాకాలి, ఆ తర్వాతే పేజీ గొంతు విప్పాలి. డెవలపర్లు చాలామంది గొడవ చేశారు. నాకు మాత్రం నీరటి న్యాయం చేశాడనిపించింది. మొదటి వంతు వచ్చినవాడిది.

ముందు వరసలో వదినగారు ఇందాకటి నుంచి ఒక ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. భోజనాల దగ్గరే అడిగారు, "మా వాడికి ఇంకా ఇంటర్ వయసే, పెద్దయ్యాక ఇందులో వెయ్యమంటారా అన్నయ్యగారూ?" అని. వదినగారూ, డిగ్రీ అయ్యేదాకా వద్దు. ముందు ఏదో ఒక విషయం గట్టిగా చదవనివ్వండి, లెక్కలో, చరిత్రో, సంగీతమో. పీజీ కోర్సు అంటే చెప్పడానికి తన దగ్గర ఏదైనా ఉన్నవాడు ఎలా చెప్పాలో నేర్చుకునే చోటు. ఈలోగా ఉచితంగా దొరికే పీ5 జేఎస్ ఇచ్చి, మీ ఇంటి వెనక తోటకి వచ్చే నీటి వంతుల పట్టిక తెర మీద గీయమనండి. వేలు పెడితే ఇప్పుడు ఎవరి వంతో చెప్పాలి. అది చేశాడంటే ఏ ఇంటర్వ్యూలోనైనా చూపించుకోవచ్చు.

నా సీడీ సంగతి సగంలో వదిలేశాను. పాత ఫ్లాష్ ఫైళ్లను ఇప్పటి బ్రౌజర్లో ఆడించే రఫుల్ అనే ఉచిత సాధనం ఉంది. కిందటి ఏడు దాంట్లో వేసి చూశాను. తెరుచుకుంది. ఈగ తెరంతా తిరిగింది. అక్షరాలు మాత్రం బొమ్మలుగానే మిగిలాయి. అప్పట్లో యూనికోడ్ ఫాంటు వాడలేదు, అందుకని వాటిని వెతకలేం, దిద్దలేం. 'ఈ' మీద నొక్కితే మా అమ్మ "ఈగ" అంది.

రేపు శనివారం పొద్దున ఆరున్నరకి ఫలజ్ దగ్గరే ఉంటాను, తర్వాత పదింటి దాకా ఈ హాల్లోనే. మీ అటకల మీద, అలమరాల్లో 2000 నాటి ఫ్లాష్ సీడీలు, పిల్లల ఆటలో, పాటలో, పెళ్లి ఆల్బమ్‌లో ఏవుంటే అవి పట్టుకురండి. సీడీ డ్రైవు నేను తెచ్చాను.